తాటాకు కింద నిలిచిన గాలి

చోడవరం చుట్టుపక్కల ఊళ్ళలో అక్కడక్కడా ఇంకా మిగిలి ఉన్న చుట్టిల్లు, తల వంచనివాణ్ణి లోపలికి రానివ్వదు. చూరు అంత కిందికి దిగి ఉంటుంది. వైశాఖమాసపు మధ్యాహ్నం, ఎండ నలభై దాటి తారు రోడ్డు మెత్తబడే వేళ, ఆ చూరు దాటి అడుగు లోపల పెడితే ముందు కళ్ళు చీకట్లు కమ్ముతాయి, తర్వాత ఒళ్ళు చల్లబడుతుంది. ఈ రెంటికీ మధ్య గడిచే ఆ కాస్త వ్యవధిలోనే ఇంటి రసమంతా ఉంది. ఫ్యాను లేదు. కిటికీ లేదు, ఉన్నా జానెడు. చల్లదనాన్ని ఎవరూ ఎక్కడినుంచో తెచ్చి ఇక్కడ పెట్టలేదు. వేడిని గుమ్మం బయటే ఆపారు, అంతే.

ఆపడం అనే పనిలో ఇంత అందం ఉందని మనం సాధారణంగా గుర్తించం. వాన వచ్చినందుకు సంతోషిస్తాం, పాట వినిపించినందుకు సంతోషిస్తాం. రానివ్వకుండా నిలబెట్టిన దాని వైపు చూపు పోదు. బడిలో అధమ వాహకాలు అని ఒక పాఠం చదివి, కొయ్య, రబ్బరు, గాజు, గాలి అని పరీక్షలో రాసేసి బయటపడతాం. నాకు ఆ జాబితాలో ఒక్కొక్క వస్తువూ ఒక శిల్పంగా కనిపిస్తుంది. వాటిలో మొదటి పీట తాటాకు కప్పుకే వేస్తాను.

2022 ఏప్రిల్ దాకా విశాఖ జిల్లాలో ఉండి, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలోకి వచ్చిన చోడవరం అనగానే చాలామందికి స్వయంభూ విఘ్నేశ్వరుడి గుడి, గోవాడ చక్కెర ఫ్యాక్టరీ, చెరకు బళ్ళు, బెల్లం వాసన గుర్తొస్తాయి. ఆ చెరకు మళ్ళ గట్ల మీద, చెరువు గట్ల మీద నిలబడి ఉండే తాటిచెట్లను ఎవరూ ప్రత్యేకంగా తలవరు. ఇంటికి కావలసినదంతా ఆ ఒక్క చెట్టే ఇస్తుంది. ముదిరిన మాను చీలిస్తే దూలాలు, వాసాలు. మట్ట చీలిస్తే కట్టడానికి నార. ఆకు కప్పుకి. ఇంటి నడుమ నిలబెట్టే నిట్రాడు నుంచి చూరు చివర దాకా ఒకే చెట్టు సంతానం.

ఆకును దగ్గరగా చూడాలి. తాటాకు విసనకర్ర ఆకారంలోనే పుడుతుంది. అందులో ప్రతి రెక్కా నడిమి ఈనె దగ్గర మడతపడి, పల్లంగా, చిన్న కాలువలా ఉంటుంది. కమ్మలు కొట్టాక వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన బరువు పెట్టి కొన్నాళ్ళు అణగబెడతారు. పచ్చిదనం పోతుంది, ఆకు సాపుగా సాగుతుంది, కానీ మడత పూర్తిగా చావదు. అలాంటి రెక్క మీద మరో రెక్క పడినప్పుడు రెండూ అతుక్కుపోవు. మధ్యలో సన్నని బోలు మిగులుతుంది. చూరు అంచున కూర్చుని కప్పు మందాన్ని పక్కనుంచి చూస్తే ఆ బోలులన్నీ కనిపిస్తాయి. పైపొర వానకూ ఎండకూ వెలిసి బూడిదరంగుకు తిరిగి ఉంటుంది. దాని కింది పొరలు గడ్డిపసుపు. అన్నిటికన్నా లోపలి పొర, పొయ్యి ఉన్న వైపు, ఏళ్ళ తరబడి పొగపట్టి నల్లగా నిగనిగలాడుతుంది. ఆ పొగ పురుగును దరిచేరనివ్వదు. ఒక జానెడు మందంలో అన్ని రంగులు, వాటి నడుమ లెక్కలేనన్ని చీకటి గీతలు. ఆ గీతలే ఇల్లు. ఆకు అసలు పని వాటిని కాపాడటం.

కప్పు నేసే ఒక పెద్దాయన, తనకు కమ్మలు అందిస్తున్న కుర్రవాడితో అన్న మాట నా చెవిలో పడింది. "మరీ బిగించీకురా, కమ్మకీ కమ్మకీ మద్దిన ఊపిరాడాల." వదులుగా కడితే గాలివాన లేపేస్తుంది. గట్టిగా నొక్కి కడితే బోలు చితికిపోతుంది, చినుకు ఆకుల మధ్య నిలిచి కుళ్ళబెడుతుంది. నార ముడి వేసేటప్పుడు ఆ వేళ్ళు ఎక్కడ ఆగాలో ఎవరూ కొలత పెట్టి చెప్పలేరు. మృదంగం మీద అరచెయ్యి ఎంత ఆనితే నాదం పలుకుతుందో, ఎంత ఆనితే మూగబోతుందో వాయించేవాడికే తెలిసినట్టు, ఇది ఆ పెద్దాయన వేళ్ళకే తెలుసు.

శాస్త్రం లెక్క కూడా ఆయన మాట వైపే నిలబడుతుంది. వేడి ఒక పదార్థంలోంచి ఎంత సులువుగా పోతుందో చెప్పే కొలత ఒకటుంది. దాని ప్రకారం రాగిది 400 దాకా ఉంటుంది. కాంక్రీటుది ఒకటిన్నర దరిదాపు. ఎండిన ఆకుల కప్పుది 0.07 ప్రాంతం. కదలకుండా నిలిచిన గాలిది 0.026. అంటే ఒకే మందం ఉన్న శ్లాబుకంటే ఆకుల కప్పు సుమారు ఇరవై రెట్లు తక్కువ వేడిని లోపలికి పోనిస్తుంది. ఆ ఘనతలో సింహభాగం ఆకుది కాదు, ఆకుల మధ్య చిక్కుకున్న గాలిది. అయితే గాలికి నిలవడం ఇష్టం ఉండదు. ఖాళీ ఒకటి రెండు సెంటీమీటర్లు దాటితే చాలు, లోపలే సుడి తిరగడం మొదలుపెట్టి వేడిని ఒక గోడ నుంచి ఇంకో గోడకు మోసేస్తుంది. దాన్ని చిన్న చిన్న గదుల్లో కట్టిపడేయాలి. గొర్రె ఉన్ని, దూది, ఊక, పక్షి ఈకలు, ఇప్పటి థర్మాకోల్ ఇవన్నీ చేసే పని అదే. 1931లో శామ్యూల్ కిస్ట్లర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఏరోజెల్ చేశాడు. అందులో గదులు ఎంత చిన్నవంటే, గాలి అణువు సాటి అణువును ఢీకొనే లోపే గోడకు తగులుతుంది. అందుకే అది నిలిచిన గాలికంటే కూడా తక్కువ వేడిని పోనిస్తుంది. ప్రయోగశాలలో పుట్టిన ఆ అద్భుతాన్నీ, తాటాకు చూరునీ ఒకే వరసలో కూర్చోబెట్టడానికి నేను వెనుకాడను. రెండింటి ఊహా ఒకటే.

ఇక గుండ్రని గోడ. ఉత్తరాంధ్ర తీరం పొడుగునా ఉన్న ఈ చుట్టిళ్ళను చూసినవాళ్ళు తుపానుగాలికి తట్టుకోవడానికే అలా కట్టారని చెబుతారు. నిజమే, మూల లేని గోడను గాలి చుట్టుకుని పోతుంది, పట్టు దొరకదు. హుద్‌హుద్ తుపానును చూసిన నేల ఇది, ఆ విలువ ఇక్కడివాళ్ళకు ఒకరు చెప్పనక్కర్లేదు. నాకు అంతకన్నా నచ్చే సంగతి మరొకటుంది. అంతే నేలను చుట్టడానికి చతురస్రపు గోడకంటే గుండ్రటి గోడ పదకొండు శాతం పైగా తక్కువ పొడవు పడుతుంది. గోడ తగ్గితే ఎండకు ఎదురయ్యే ఒళ్ళు తగ్గుతుంది, మట్టి తగ్గుతుంది, శ్రమ తగ్గుతుంది. మిగిలిన ఆ కాస్త గోడ మీద కూడా ఎండ పడకుండా చూరు దాదాపు నేలదాకా దిగుతుంది. ఎక్కడా వృథా లేదు, ఎక్కడా ఎక్కువ చెప్పడం లేదు. ఇంత పొదుపైన రచన నేను పుస్తకాల్లో అరుదుగానే చూశాను.

గోడ సంగతిలో ఒక తేడా గమనించాలి. మట్టిగోడ కూడా చల్లన అని అందరం అంటాం, కానీ అది చేసే పని కప్పు చేసే పని కాదు. గడ్డీ ఊకా కలిపి కాళ్ళతో తొక్కి, మూరెడు మందాన వరసలు వరసలుగా పెట్టిన మట్టి వేడిని తిప్పికొట్టదు, తాగుతుంది. నెమ్మదిగా తాగి, నెమ్మదిగా వదులుతుంది. మధ్యాహ్నం తాగినది లోపలి ముఖానికి చేరేసరికి రాత్రి అవుతుంది. అప్పటికి మంచాలు వాకిట్లోకి చేరి ఉంటాయి. కప్పు అడ్డగిస్తుంది, గోడ జాప్యం చేస్తుంది. ఆ రెండు స్వభావాలనూ ఒక ఇంటిలో జతకూర్చినవాడి పేరు మనకు తెలియదు.

ఈ కప్పుకు ఒక ప్రాణాంతకమైన దోషం ఉంది. నిలిచిన గాలితో నిండిన ఎండుటాకుకు నిప్పు తగిలితే మరి ఆగదు. వేసవిలో పూరిళ్ళు వరసగా కాలిపోయిన వార్తలు ఉత్తరాంధ్ర పత్రికల్లో చదవని ఏడాది నాకు గుర్తులేదు. కట్టుబట్టలతో మిగిలిన మనుషుల ముందు నిలబడి ఈ కప్పు అందాన్ని పొగడటానికి నోరు రాదు. అందుకే కొన్ని ఇళ్ళలో కప్పు కింద కర్రలు పరిచి, మట్టి మెత్తి అటక వేస్తారు. పైన ఆకు అంటుకున్నా మట్టి అటక అడ్డుపడి కింద ఉన్న గింజనూ గుడ్డనూ కాపాడుతుంది. మామూలు రోజుల్లో ఆ అటకకూ కప్పుకూ మధ్య మిగిలే ఖాళీ మరో అడ్డుగా పనిచేస్తుంది. భయంలోంచి పుట్టిన ఏర్పాటే చల్లదనాన్ని ఇంకో మెట్టు పెంచింది.

ఆ భయంతోనే జనం రేకులకు మారారు, మారడం న్యాయమే. సిమెంటు రేకులో ఉన్నది ఆస్బెస్టాస్, మనవాళ్ళ రాతినార. విడిగా ఉన్నప్పుడు ఆ నార గొప్ప ఉష్ణబంధకం. ఒకప్పుడు బాయిలర్లకూ ఆవిరి గొట్టాలకూ చుట్టేవారు. దాని ధూళి ఊపిరితిత్తులకు చేసే చేటు తెలిశాక చాలా దేశాలు నిషేధించాయి. రేకు చేసేటప్పుడు ఆ నారను సిమెంటులో ముంచి గట్టిపరుస్తారు. నార పోగుల మధ్య ఉన్న గాలి అంతా పోతుంది. మిగిలేది అరంగుళం కూడా లేని గట్టి పలక. పేరుకు బంధక పదార్థమే, మధ్యాహ్నం దాని కింద కూర్చోలేం. పదార్థం ఉంటే చాలదు, దాన్ని ఎలా అమర్చామన్నదే అంతా అని చెప్పడానికి ఇంతకన్నా బాధాకరమైన ఉదాహరణ నాకు దొరకలేదు.

చోడవరంవాళ్ళ చేతికిందే మరో పదార్థం గుట్టలు గుట్టలుగా పడి ఉంటుంది. చెరకు పిప్పి. టన్ను చెరకు ఆడితే మూడో వంతుకు కాస్త తక్కువగా తడిపిప్పి వస్తుంది. బెల్లం పొయ్యిలోకి పోయేది అదే, ఫ్యాక్టరీ బాయిలర్‌లోకి పోయేదీ అదే. ఎండిన పిప్పిని పిడికెడు తీసుకుని చూడండి. చెరకు తొక్క వైపు గట్టి పోగులు, లోపలి వైపు తేలికైన బెండు. రసం నిండి ఉన్న గదులన్నీ ఇప్పుడు గాలితో నిండి ఉంటాయి. పిడికిట్లో నొక్కి వదిలితే మళ్ళీ లేస్తుంది. 1920ల మొదట్లో అమెరికాలో లూసియానా చెరకు మిల్లుల పిప్పిని తీసుకుని సెలోటెక్స్ అనే కంపెనీ గోడలకూ కప్పులకూ వేసే పలకలు తయారుచేసింది. పిప్పిని ఉడికించి, పోగులు విడదీసి, నీళ్ళలో తేల్చి, జంబుకానాలా అల్లుకునేలా పరిచి ఆరబెట్టడం ఆ పద్ధతి. వేడిని ఆపడానికి మొదలైన ఆ పలకకే తర్వాత చిన్న చిన్న రంధ్రాలు తొలిచారు. చప్పుడు ఆ రంధ్రాల్లో దూరి, పోగుల మధ్య తిరిగి తిరిగి అణగారిపోయేది. తీపి పిండేశాక పారేసే పిప్పి, ఒక హాలులో మాట స్పష్టంగా వినిపించేలా చేసింది. మన దగ్గర పిప్పి బాయిలర్‌ను మండిస్తుంది, ఆ మంట కూడా అవసరమే. అయినా చెరకు సీజనులో గోవాడ వైపు వెళ్ళినప్పుడల్లా ఆ గుట్టలో నాకు ఇంధనం కనిపించదు, రేకుల ఇళ్ళ కింద వేయదగిన వేల పలకలు కనిపిస్తాయి.

ఇళ్ళలో ఉన్న చిన్నవాటిని కూడా విడిచిపెట్టలేను. పాత చీరలు పొరలుగా వేసి కుట్టిన బొంత, చలికాలంలో లంబసింగి కొండల వైపు నుంచి దిగే గాలిని ఆపుతుంది. ఎండలో వేసిన బొంత ఎందుకు మళ్ళీ వెచ్చనవుతుందంటే, చెమ్మ పోయి పొరలు ఉబ్బి గాలి తిరిగి లోపలికి చేరుతుంది. నీళ్ళు గాలికంటే ఇరవై రెట్లు పైగా వేడిని మోసుకుపోతాయి, అందుకే తడిబొంత కప్పుకున్నా కప్పుకోకున్నా ఒకటే. ఊకలో పూడ్చిన మంచుగడ్డ కూడా ఇలాంటిదే. 1833లో ఫ్రెడరిక్ ట్యూడర్ అనే వ్యాపారి అమెరికా సరస్సుల మంచును రంపపుపొట్టులో కూరి, నాలుగు నెలల ఓడ ప్రయాణం చేయించి కలకత్తాలో దింపించాడు. మన రాజధాని అప్పట్లో మద్రాసు. అక్కడ కడలి ఒడ్డున ఆ మంచు కోసం కట్టిన ఐస్‌హౌస్ ఇప్పటికీ ఉంది, వివేకానందుడు 1897లో బస చేసింది అందులోనే. కొయ్యను కోస్తే రాలిన పొట్టు, భూమధ్యరేఖను రెండుసార్లు దాటిన ఆ ప్రయాణంలో ఎండను ఆపగలిగింది.

కరెంటు వచ్చాక ఆపవలసినది ఇంకొకటి చేరింది. ఇక్కడ నా మనసు దోచినది ఇస్త్రీపెట్టె. పాత మోడలు ఇస్త్రీపెట్టెను రిపేరు కొట్లో విప్పినప్పుడు చూడండి. పైడొప్ప తీస్తే బరువైన ఇనుప పలక, దాని కింద రెండు పలుచని అభ్రకపు రేకుల మధ్య వంకరలు తిరిగిన నైక్రోమ్ తీగ. తీగ ఎర్రగా కాలుతుంది. కింద, గోరుమందం కూడా లేని దూరంలో, మనం బట్టకు ఆనించే లోహం. తీగలో ఉన్న కరెంటు ఆ లోహంలోకి రాకూడదు. తీగలో ఉన్న వేడి అంతా ఆ లోహంలోకి రావాలి. ఒకదాన్ని పూర్తిగా ఆపి, రెండోదాన్ని పూర్తిగా విడిచిపెట్టాలి. ఈ పని అభ్రకం చేసినట్టు మరొకటి చెయ్యదు. ఐదారు వందల డిగ్రీల దాకా చెదరదు. దాన్ని కత్తిమొనతో పొర తర్వాత పొరగా, కాగితం కంటే పలుచగా చీల్చవచ్చు. అంత పలుచనైనా కరెంటును నిలబెడుతుంది, అంత పలుచన కాబట్టే వేడికి దారి ఇస్తుంది. మన నెల్లూరు వైపు గూడూరు ప్రాంతపు గనుల్లోంచి పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచీ తవ్వి తీస్తూ వచ్చిన ఖనిజం ఇది. రిపేరు చేసే కుర్రవాడు ఆ రేకును వెలుగుకు ఎత్తిపట్టి, మరక ఉందా చీలిక ఉందా అని చూసినప్పుడు, తేనెరంగు మెరుపు ఒకటి అతని ముఖం మీద పడుతుంది. కావ్యంలో ఏ మాట ఎక్కడుండాలో అక్కడుండటమే ప్రాణమని పదకొండో శతాబ్దంలో కాశ్మీరంలో క్షేమేంద్రుడు ఔచిత్యాన్ని గురించి వాదించాడు. ఆ ఔచిత్యానికి నేను చూపించగలిగే నిలువెత్తు నిదర్శనం ఇస్త్రీపెట్టెలోని అభ్రకమే.

అదే పెట్టెకు పైన ఉన్న నల్లటి పిడి వేడినీ కరెంటునూ రెంటినీ ఆపుతుంది. అది బేకలైట్. బజారులో ఇప్పటికీ కనిపించే బొగ్గుల ఇస్త్రీపెట్టెకు కొయ్యపిడి ఉంటుంది, చేతికి అంతకన్నా హాయి. 1907లో బేకలైట్‌ను కనిపెట్టిన లియో బేకలాండ్ అసలు వెతికింది లక్కకు బదులు పదార్థం కోసం. విద్యుత్ పరిశ్రమ పుట్టిన తొలి రోజుల్లో మోటారు చుట్టలకు పూసినది, తీగలను ఒకదానికొకటి తగలకుండా కాపాడినది మన అడవుల లక్క. చెట్టు కొమ్మ మీద చిన్న పురుగు తన చుట్టూ కట్టుకున్న గూడు, ప్రపంచపు కరెంటును నిలబెట్టింది. గిరాకీ పెరిగి, పురుగు అందించలేకపోయింది. అప్పుడు వచ్చింది బేకలైట్. మన్నికలో అది లక్కను మించింది. అందంలో దాని దరిదాపులకు కూడా రాలేదని నా నిశ్చయం.

లక్క అందం చూడాలంటే చోడవరం నుంచి దూరం పోనక్కర్లేదు. అదే జిల్లాలో వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన లక్కబొమ్మల ఊరు. అక్కడ తరిణి మీద అంకుడు కొయ్య గిరగిరా తిరుగుతుంటే, రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఆనించి పట్టుకుంటారు. నిప్పు లేదు, కుంపటి లేదు. రాపిడికి పుట్టిన వేడికే లక్క కరిగి కొయ్య మీద పరుచుకుంటుంది. పసుపు మీద ఎరుపు, ఎరుపు అంచున ఆకుపచ్చ, ఒక్కొక్క పట్టీ క్షణాల్లో అంటుకుపోతుంది. తర్వాత మొగలిరేకు పెట్టి అదిమితే నిగ్గు తేలుతుంది. ఇదంతా ఎలా సాధ్యమవుతోందో ఒకసారి ఆలోచించండి. రాపిడిలో పుట్టే వేడి చాలా తక్కువ. అంకుడు కొయ్య ఆ వేడిని లోపలికి గుంజుకోదు, అందుకే అది పైపొరలోనే నిలిచి లక్కను కరిగిస్తుంది. కొయ్యకు బదులు రాగి కడ్డీని తరిణికి ఎక్కిస్తే, పుట్టిన వేడి పుట్టినట్టే కడ్డీలోకి జారిపోతుంది, లక్క గీతలు పడుతుందే తప్ప సాఫీగా పరుచుకోదు. ఏటికొప్పాక కుంకుమభరిణ మీద మనం చూసే ఆ మెరుపంతా కొయ్య వేడిని మింగకపోవడం వల్ల వచ్చినదే.